మూడు తెరల హాలు, ఒక మెమో

1996 జూన్ మూడో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు తెరల మేడమ్ గారు మా ఆఫీసులో చేరారు. అప్పటికి ఆమెకు ఆ పేరు లేదు, మీటింగు హాల్లో ఉన్న తెరా ఒక్కటే. హాలు తాళాలు అటెండరునైన నా దగ్గరుండేవి. నేను ఉద్యోగం నుంచి దిగిపోయి ఆరేళ్ళయింది. నేను చెబుతుంటే మా మనవరాలు ఇది రాస్తోంది.

మొదట్లో ప్లాస్టిక్ కాగితం మీద రాసింది దీపం పెట్టెలోంచి తెర మీద పడేది. తరవాత ప్రొజెక్టరు వచ్చింది, ల్యాప్‌టాప్ వచ్చింది, చివరికి తెరలు మూడయ్యాయి. జనానికి పెద్ద తెర, వెనక వరసలకు పక్క తెర, మాట్లాడేవారి బల్ల మీద చిన్న తెర. ఆ చిన్నదాంట్లో వారి సొంత నోట్సు వస్తుంది, అది ఇంకెవరికీ కనబడకూడదు. ల్యాప్‌టాప్ నుంచి ఒక పెట్టెకు, పెట్టె నుంచి మూడు తెరలకు మూడు తీగలు. ఈ సంసారమంతా మేడమ్ గారే ఈదుకొచ్చారు.

తెర వెలగకపోతే అందరూ ల్యాప్‌టాప్ మీద పడేవారు. ఆమె మాత్రం గోడ దగ్గర మొదలుపెట్టేవారు.

"ముందు ప్లగ్గు చూద్దాం సార్."

"ప్లగ్గు కాదండీ, ఇదేదో పెద్ద సమస్య."

"పెద్దదైతే ఎక్కడికీ పారిపోదు లెండి. ముందు ప్లగ్గు చూద్దాం."

ప్లగ్గు, తీగ, పెట్టె, ఆఖరున ల్యాప్‌టాప్ సెట్టింగు. ఒకసారికి ఒకటే మార్చేవారు. "రెండూ ఒకేసారి కదిపితే ఏది కుదిర్చిందో తెలీదు బాబాయ్" అనేవారు నాతో.

పన్నెండేళ్ళ కిందట సర్వసభ్య సమావేశం జరిగింది. రెండు వందల మంది వచ్చారు. డైరెక్టరు గారి ల్యాప్‌టాప్ ఆలస్యంగా రావడంతో మేడమ్ గారు మూడు తెరలూ వెలిగాయా లేదా అన్నంత వరకే చూడగలిగారు. ఆయన మాట్లాడుతూ ఆగి, చిరునవ్వు నవ్వారు. వెనకాల పెద్ద తెర మీద ఇంతింత అక్షరాలతో "ఇక్కడ ఆగాలి. నవ్వాలి. నీళ్ళు తాగాలి" అని ఉంది. హాలంతా గొల్లుమంది.

"నీళ్ళు మర్చిపోయారు సార్" అని వెనక వరసలోంచి ఎవరో అందించారు.

మేడమ్ గారు వెంటనే ప్రొజెక్టరుకు అట్ట అడ్డం పెట్టి, పెట్టె దగ్గర తీగలు మార్చారు. రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంది. డైరెక్టరు గారి మొహం మాత్రం సర్దుకోలేదు.

జనం వెళ్ళాక ఆమె నన్ను అడిగారు. "నిన్న దుమ్ము దులిపారా బాబాయ్?"

"దులిపానమ్మా. తీగలు తీసి మళ్ళీ పెట్టేశాను."

"వాటి మీద స్టిక్కర్లు చూడలేదా?"

"చూశాను గానీ చదవలేదమ్మా. నాకు రాదు."

పద్దెనిమిదేళ్ళు కలిసి పని చేసినా ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. చదువు రానివాడికి సామాన్లున్న హాలు అప్పగించరన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. అంతలో డైరెక్టరు గారు వచ్చారు.

"తీగలు తారుమారు చేసిందెవరు?"

"హాలు నాది సార్. మీటింగుకు ముందు చూసుకోవలసింది నేను."

"అడిగింది అది కాదు."

"నేను చెప్పగలిగింది అదే సార్."

మెమో ఆమెకు వచ్చింది. ప్రమోషను ఏడాది వెనక్కి పోయింది. నేను పక్కనే నిలబడి కూడా నోరు విప్పలేదు. పెద్దమ్మాయి పెళ్ళి అయిపోయినా ఇంట్లో మిగతా ముగ్గురు పిల్లల చదువులు నడుస్తున్నాయి, అది కారణమే గానీ సాకుగా చెప్పను. మర్నాడు చూస్తే ఒక్కో తీగకు రెండు చివర్లా ఒకే రంగు దారం కట్టి ఉంది. పెద్ద తెరకు ఎరుపు, పక్క తెరకు పసుపు, చిన్నదానికి ఆకుపచ్చ. పెట్టె కన్నాల పక్కనా అవే రంగులు పూశారు. ఆ తరవాత నేను దిగిపోయేదాకా ఒక్క తీగా తప్పలేదు. మెమో మాట ఆమె ఏనాడూ ఎత్తలేదు.

వారింటివాళ్ళు కూడా ఆ ఏడాది ఆమె ఏదో పొరపాటు చేశారనే అనుకుని ఉంటారు. చేసింది నేను. మేడమ్ గారి ఫైలులో ఆ మెమో పక్కన ఈ కాగితం కూడా పెట్టమని ఆఫీసువారిని కోరుతున్నాను. కింద నా వేలిముద్ర వేస్తున్నాను.

తెరల మేడమ్ గారు ఆయురారోగ్యాలతో, పిల్లాపాపలతో నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి. ఇకమీద ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకోవలసిన పని ఆమెకు ఎన్నడూ రాకూడదు.