నూరో ఆదివారం నేను లేచి నిలబడ్డాను

పెద్దలకు, బజారులో షాపులు మూసి వచ్చిన వాళ్లకు, చర్చి నుంచి నేరుగా ఇటు వచ్చిన శౌరికి, అతని వెంట వచ్చిన వాళ్లకు, లోపల తలుపు పక్కన కూర్చున్న జాన్ సాహెబ్ ఇల్లాలు సాజిదా చెల్లెమ్మకు నమస్కారం. ఆదివారం పొద్దున పదింటికి ఈ షాపు ముందు కూర్చోవడం మనకు కొత్త కాదు. అవే బల్లలు, అవే గోనెపట్టాలు. ఎవరి చోట్లో వాళ్లే కూర్చున్నారు, చూశాను. టీవీ పెట్టె తలుపులు మాత్రం మూసి ఉన్నాయి. పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

నన్ను మాట్లాడమన్నారు. ఇరవై ఎనిమిదేళ్లుగా హైస్కూల్లో హిందీ చెబుతున్నాడు, గోపాలకృష్ణయ్యకు మాట్లాడటం ఒక లెక్కా అనుకున్నారు. లెక్కే నాయనా. మంగళవారం నుంచి ఒంట్లో సత్తువ లేదు. మధ్యలో ఆగిపోతే కాస్త ఓపిక పట్టండి.

జాన్ సాహెబ్ గురించి మాచర్లలో కొత్తగా చెప్పాలా? రేడియోలు బాగుచేశాడు, తర్వాత టీవీలు బాగుచేశాడు. చెడిపోయిన మూడు సెట్లు విప్పి, పనికొచ్చేవన్నీ కలిపి ఒక సెట్టు కట్టాడు. డాబా మీద ఇనప గొట్టం పాతి, దాని కొసన యాంటెన్నా బిగించాడు. గాలి వీస్తే బొమ్మ వంగేది, కోతులు ఎక్కితే పోయేది. రెండేళ్ల కింద ఢిల్లీ వాళ్లు ఆ పోలీసు సీరియల్ మొదలుపెట్టారు. దాని అసలు పేరుకు మనలో ఎవరికీ నోరు తిరగలేదు, ఆదివారం కేసు అన్నాం. సీరియల్లో తెలుగు లేదు. మనలో చానామందికి హిందీ లేదు. మధ్యన స్టూలు మీద జాన్ సాహెబ్ ఉన్నాడు.

ఆయన చెయ్యి గుర్తుందా మీకు? ముఖ్యమైన మాట వస్తుందనగానే చెయ్యి పైకెత్తేవాడు. నలభై మందిమీ నోరు మూసేవాళ్లం. చంకలో పిల్లలు కూడా ఊరుకునేవాళ్లు. ఆ మాట పూర్తయ్యాక చెయ్యి దించి తెలుగులో చెప్పేవాడు. బొంబాయి రేవులో దొంగ సరుకు దిగుతుంటే, "మన విజయపురి సౌత్‌లో లాంచీలు ఆగుతయ్యే, అట్టాంటి చోటు" అనేవాడు. దొంగలు కొండల్లో దాక్కుంటే అది మన ఎత్తిపోతల జలపాతం వెనకాలే అయ్యేది. చర్చి అయ్యాక శౌరి వాళ్లు పావుగంట ఆలస్యంగా వస్తే, జరిగిందంతా ఒక్క ముక్కలో చెప్పేవాడు: "చంపారు, దాచారు, ఇంకా దొరకలా, కూచోండి."

నాకు హిందీ వచ్చు. ఆయన చెప్పేది సగం సరైంది కాదని నాకు మొదటి వారమే తెలుసు. అయినా ప్రతి ఆదివారం వచ్చాను. ఎందుకొచ్చాను? ముప్పయ్యో కేసు దాటాక సీరియల్ నాకు విసుగు పుట్టించింది. అవే గోడౌన్లు, అవే నల్ల కళ్లజోళ్లు. కానీ అరగంటలో కేసు తేలిపోయేది. చంపినవాడు దొరికేవాడు. గురజాల కోర్టుకు వాయిదాలకు తిరిగి చెప్పులు అరగదీసిన వాళ్లు ఇక్కడ ఎంతమంది లేరు? ఆ అరగంట కోసం వచ్చేవాళ్లం. ఒప్పుకుంటే తప్పేముంది?

ఒక ఆదివారం సరిగ్గా దొంగను పట్టే సమయానికి కరెంటు పోయింది. అందరం ఉసూరుమన్నాం. జాన్ సాహెబ్ స్టూలు దిగలేదు. ఆరిపోయిన తెర వైపే చూస్తూ, చెయ్యెత్తుతూ, దించుతూ, మిగతా కథంతా చెప్పేశాడు. గుమాస్తా చంపాడన్నాడు, పట్టించాడు, బేడీలు వేయించాడు. మర్నాడు పుల్లారావు నరసరావుపేటలో మొత్తం చూసొచ్చి, గుమాస్తా కాదు, చచ్చినవాడి బావమరిది చంపాడన్నాడు. ఎవరైనా నమ్మామా? "నరసరావుపేటలో ఏంది, ఎట్టన్నా చూపిస్తారు" అని అతన్నే కసిరాం. పుల్లారావూ, నవ్వుతున్నావు కదా, నవ్వు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పాలనే లేచాను.

సందు మొదట్లో ఇడ్లీలు వేసే హనుమాయమ్మ మీ అందరికీ తెలుసు. ఆమె కొడుకు ఆనందరావు కానిస్టేబులు. నాలుగేళ్ల కింద ఒక ఊళ్లో గొడవలకు బందోబస్తుకు వెళ్లి నాటుబాంబుకు పోయాడు. ఆ కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది. సీరియల్లో ఒక హెడ్ కానిస్టేబులు ఉండేవాడు. ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఆలోచిస్తే ఇతను ఎండన పడి తిరిగేవాడు. టోపీ కొంచెం వంకరగా పెట్టేవాడు. ఆనందరావు కూడా అంతే కదా. హనుమాయమ్మ పొయ్యి మీద పాత్ర దించేసి వచ్చి, కూర్చోకముందే అడిగేది, "మావోడు వచ్చాడా సాయిబూ" అని. ఆయన ప్రతి వారం ఒకటే చెప్పేవాడు, "వచ్చాడమ్మా, డ్యూటీలో ఉన్నాడు."

నూరో ఆదివారం వచ్చింది. రెండు వారాల కిందటి మాట. ఈ షాపుకు మామిడాకులు కట్టాం, సాజిదా చెల్లెమ్మ అందరికీ సేమ్యా పాయసం పంచింది. అభిమానిగా చెబుతున్నాను, ఆ సీరియల్ వాళ్లు అంత బాగా ఎన్నడూ తీయలేదు. కాల్పులు చూపించలేదు, చప్పుడే వినిపించారు. తర్వాత దుప్పటి కప్పిన స్ట్రెచరు. ఇన్‌స్పెక్టర్ చేతిలో ఒక టోపీ. పాట లేదు, సంగీతం లేదు. నూరు వారాల్లో మొదటిసారి ఆ ఇన్‌స్పెక్టర్ ముసలివాడిలా కనిపించాడు.

అప్పుడు జాన్ సాహెబ్ చెయ్యి దించి ఏం చెప్పాడు? దుప్పటి కింద ఉన్నది దొంగ అన్నాడు. మన హెడ్ కానిస్టేబులుకు ప్రమోషన్ వచ్చింది, దూరపు స్టేషనుకు వేశారు అన్నాడు. మరి టోపీ ఏంది అని ఎవరో అడిగారు. "ప్రమోషనొస్తే కొత్త టోపీ ఇస్తారయ్యా. పాతది ఇక్కడే వదిలిపెట్టి పోవాల" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నా ముందు నా భాష మీద అంత అబద్ధం ఆడతాడా అనిపించింది. జాన్ సాహెబ్ నా వైపు చూసి చెయ్యెత్తాడు. నూరు వారాల్లో ఆ చేతికి ఎదురు మాట్లాడినవాడు లేడు. నేను మాట్లాడాను. తప్పు, ఆయన చెప్పేది తప్పు, ఆ కానిస్టేబులు చచ్చిపోయాడు అన్నాను. పాఠం దిద్దినట్టు, గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాను. హనుమాయమ్మ కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. టీవీ కట్టేసి, పెట్టె తలుపులు మూసి, మెల్లిగా ఒక్క మాటన్నాడు. "పంతులుగారూ, మీకు హిందీ తెలుసు. నాకు హనుమాయమ్మ తెలుసు."

పోయిన ఆదివారం తలవంచుకుని వచ్చాను. ఆయన స్టూలు దిగి నన్ను కూర్చోబెట్టాడు. మీరే చెప్పండి, నాకంటే సరిగ్గా చెబుతారు అన్నాడు. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అన్నాడు. చెప్పాను. ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట కలపకుండా చెప్పాను. ఏమైంది? పావుగంటకు సగం మంది ఆవలించారు, మిగతా సగం లేచిపోయారు. చివరికి ఆయనా నేనూ మిగిలాం. దొంగ దొరికాడు, మాకు పట్టలేదు.

సోమవారం వెళ్లి తప్పయింది అని చెబుదామనుకున్నాను. సోమవారం స్కూల్లో పరీక్ష పేపర్లు. మంగళవారం సాయంత్రం వెళదామనుకున్నాను. మంగళవారం మధ్యాహ్నం ఇదే షాపులో, ఎవరిదో రేడియో విప్పి ముందు పెట్టుకుని, అలాగే బల్ల మీద తల వాల్చేశాడు. నేను వచ్చేసరికి జనం ఉన్నారు. చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. ఎంత బరువుగా ఉందో మీకు చెప్పలేను.

ఖననం అయ్యాక హనుమాయమ్మ దగ్గరకు వెళ్లాను. ఆయనకు చెప్పలేనిది ఆమెకైనా చెబుదామని వెళ్లాను. ఆమె నన్ను చెప్పనివ్వలేదు. ఆమె అన్న మాట ఆమె అనుమతితోనే చెబుతున్నాను. "నాకు తెలవదనుకున్నారా అయ్యోరూ? ఆ టోపీ ఇన్‌స్పెక్టరు చేతిలో పట్టుకున్నప్పుడే తెలిసింది. మా ఆనందరావు టోపీ కూడా అట్టనే తెచ్చి నా చేతిలో పెట్టారు. సచ్చిపోయాడని చెప్పటానికి చానామంది వచ్చారు. ప్రమోషనొచ్చింది, కొత్త టోపీ ఇచ్చారని చెప్పినోడు ఆ సాయిబొక్కడే. ఇంకో ముక్క చెప్తాడేమోనని కూచున్నా. మీరు లేచారు."

విన్నారా? ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని బహుశా ఆయనకూ తెలుసు. ఈ షాపు ముందు నలభై మందిలో ఏమీ తెలియనివాడిని నేనొక్కణ్ణే.

అయ్యా, అలిసిపోయాను. ఇంక ఎక్కువ లేదు. ఈ గడియలో ఢిల్లీ వాళ్లు నూట రెండో కేసు నడుపుతున్నారు. ఎవరు చంపారో మనకు తెలియదు, తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ బల్ల మీద చూడండి. ఆయన చెవి మీద ఎప్పుడూ ఉండే టెస్టరు, ఆయన కళ్లజోడు, ఆయన తెల్ల టోపీ. సాజిదా చెల్లెమ్మ తీయనివ్వలేదు. అమ్మా, తీయొద్దు. హనుమాయమ్మా, నువ్వు వింటున్నావు కదా, నీ ముందే చెబుతున్నాను. మన జాన్ సాహెబ్‌కు ప్రమోషన్ వచ్చింది. దూరపు స్టేషనుకు వేశారు. పాత టోపీ ఇక్కడే వదిలిపెట్టి వెళ్లాడు.

హిందీ పండితుణ్ణి, ఇందులో నేను దిద్దేదేమీ లేదు.

అందరూ లేవండి. ముసలివాళ్లు పక్కవాళ్ల భుజం పట్టుకుని లేవండి. నేను చెయ్యెత్తుతున్నాను. దించేదాకా ఎవరూ మాట్లాడకండి.