బావ చేలో ఇనుప బొగ్గు

మోటార్లు బాగుచేసే అతన్ని అందరూ రేడియో అంటారు. ఆ మధ్యాహ్నం టీ కొట్టు బెంచీ మీద, తన బావ పక్కనే కూర్చుని మొదలెట్టాడు.

"కలుపు మందు ఒకటికి రెండింతలు కొట్టింది నేనే, ఒప్పుకుంటా. రెండు పంటకార్లుగా బావ చేలో మొలక లేదు. చెడగొట్టింది నేనైతే బాగుచెయ్యాల్సిందీ నేనే కదా? వ్యవసాయాఫీసరు చెప్పినట్టే మొక్కజొన్న కండెల్ని డ్రమ్ములో పోసి, గాలి చొరకుండా మూత బిగించి కాల్చా. ఆ బొగ్గుని ఇనుప లవణం కలిపిన నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ వేడిచేశా. అది మట్టిలో కలిసిందంటే మందుని పట్టేసుకుంటుంది, వేళ్లదాకా పోనివ్వదు."

"ఎన్ని గోతాలైంది?" టీ కొట్టాయన అడిగాడు.

"నలభై. ఏం నలభై, నాలుగొందలు. ఒక్కణ్ణే మోశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి గోతం ఒంపానో లేదో, మట్టిలో మందంతా చీమలబారులా కదిలొచ్చి బొగ్గులో దూరింది."

"నువ్వు చూశావా?" అన్నాడు పంక్చర్ల షాపాయన.

"చూడ్డమేంటి, చప్పుడు కూడా విన్నా. మన చేలోది అయిపోయాక గట్టు దాటి పక్క చేలోది లాగింది. పురుగుమందుల కొట్లో సీలు తియ్యని డబ్బాలు ఖాళీ అయిపోయాయి, ఆ కొట్టాయన ఇప్పటికీ నాకోసం వెతుకుతున్నాడు. ఇక నేలంటారా, చిక్కుడు గింజ పెట్టి చెయ్యి తీసేలోపు తీగొచ్చి నా వాచీకి చుట్టుకుంది. కత్తెర తెప్పించాల్సొచ్చింది."

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. రేడియో అటే చూస్తూ గొంతు పెంచాడు. "మాట్లాడవేంటి బావా? టీ చల్లారిపోతోంది."

"ఎల్లుండి విత్తనం వేద్దామంటోంది మీ అక్క," అన్నాడు బావ. "ఈసారీ మొలవకపోతే చేను వదిలేసి ఎక్కడైనా పనికి పోవడమే. అందుకే పొద్దున నాలుగుచోట్ల తవ్వి చూశా. ఎక్కడా నల్ల పలుకు లేదు. పంపు షెడ్డులో తొమ్మిది గోతాలున్నాయి, మూతి కట్టినవి కట్టినట్టే."

టీ కొట్టాయన స్టవ్ మంట తగ్గించాడు.

"తొమ్మిదే," అన్నాడు రేడియో. "నెల్రోజులు కాల్చా బావా, అది మాత్రం నిజం. చల్లాక కూడా మొలవకపోతే అక్క మొహం ఎట్లా చూడను? మూటలు అట్లా ఉన్నన్నాళ్లు ఇంకో దారి మిగిలుందిలే అనుకోవచ్చు."

"నాకూ భయమే," బావ లేచి చెప్పులేసుకున్నాడు. "మీ అక్క షెడ్డు దగ్గర మూతులు విప్పుతోంది. మొలుస్తుందని నేనూ చెప్పలేను. నడు, గోతాలు చెరోపక్క పట్టుకుందాం."