పడవలో వాగుడుకాయ

ఆ కుర్చీలో కాదమ్మాయ్, దాని కాలు వదులు. ఇటొచ్చి పొయ్యి దగ్గర కూర్చో, చలి కోసేస్తోంది. ఏమన్నావ్? మీ తాత పెద్ద జాలరా అనా? ఎవరు చెప్పారు, మీ అమ్మా? దానికేం తెలుసు, అప్పటికది బడికెళ్ళే పిల్ల. సరే విను. మీ తాత లెమ్యూల్ డౌటీకి చేప వాసనంటేనే పడదు. పడవెక్కితే కడుపులో తిప్పేది. రేవు దాటామో లేదో, అంచు మీదికి వంగి పొద్దున తిన్నదంతా సముద్రానికి సమర్పించేవాడు. ఒకసారా, ఎక్కిన ప్రతిసారీ అంతే. మూతి తుడుచుకుని "హమ్మయ్య, ఇవాళ్టి పన్ను కట్టేశాను" అనేవాడు. అని మొదలెట్టేవాడు. ఏమిటంటావేం, మాటలు. అలాంటి వాగుడుకాయని ఈ ఒడ్డున నేను మళ్ళీ చూళ్ళేదు.

మేం ముగ్గురం. నేనేమో ఉత్తరాలు పంచేవాణ్ణి, మీ తాతకి మెయిన్ రోడ్డు మీద బూట్ల కొట్టుండేది, ఇప్పుడక్కడేదో జుట్టు కత్తిరించే షాపు పెట్టారులే. మూడోవాడు బర్టన్ కెల్లం. పడవ వాడిది. ఆల్చిప్పలు తీసి బతికినవాడు, నీళ్ళమీదే పుట్టాడా అన్నట్టుండేవాడు. మనిషి మాత్రం మహా ముభావి. నువ్వు పది మాటలంటే వాడు ఒక్క గొణుగుడు గొణిగేవాడు. థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక, చలి ముదిరి ఉత్తరాన్నుంచి పెద్ద రాక్‌ఫిష్‌లు మన అఖాతం నోటికి దిగేసరికి, శనివారం శనివారం పోయేవాళ్ళం. ఒంటినిండా చారలు, చేతుల్లోకి తీసుకుంటే నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు బరువు. ఇప్పుడు మీరేదో తెరమీద చుక్కలు చూసి పడతారటగా. మాకవేం లేవు. తెల్ల గానెట్ పక్షులు పైనుంచి రెక్కలు ముడిచి, ఎవరో రాళ్ళేసినట్టు నీళ్ళలో దబదబా పడేవి. అక్కడికి పరిగెత్తడం, గాలానికి బతికున్న మలుగు పాముని, అదే పాములా జారిపోయే ఆ చేపని, గుచ్చి వదలడం. ఆ మలుగుని పట్టుకోవాలంటే, అబ్బో, గోనెపట్టా ఉండాలి చేతికి, లేకపోతే చొక్కా చేతిలోంచి దూరి... సరే, అది వేరే కథ.

ఏం చెబుతున్నాను? ఆఁ, మీ తాత వాగుడు. బర్టన్ స్టీరింగ్ పట్టుకునుంటే మీ తాత వాడి పక్కనే, భుజం భుజం రాసుకుంటూ నిలబడేవాడు. ఇంక ఆపడం లేదు. "అదిగో నీళ్ళమీద తేలే ఎర్ర బోయా, కుడిపక్క, మా మేనత్త ఆదివారం పెట్టుకునే టోపీలా ఉంది. అదిగో రేవుకొచ్చే రొయ్యల పడవ, ఎదర కొంచెం ఎడంపక్కకి, నడిపేవాడు నిద్రపోతున్నాడేమో, మన మీదికే వస్తున్నాడు. అదిగో వలలు కట్టడానికి నీళ్ళలో పాతిన దుంగలు, ఒకదాని మీద నీటికాకి రెక్కలారేసుకుంటోంది, బర్టన్, అచ్చం మీ బావలా లేదూ?" ఇలాగ. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా. నాకు ఒళ్ళు మండేది. "ఒరేయ్, నోరు ముయ్యరా నాయనా, చేపలు మెక్సికో దాకా పారిపోతున్నాయి" అనేవాణ్ణి. "చేపలకి చెవులెక్కడున్నాయిరా, నాకు చూపించు, వాటికీ బూట్లమ్ముతాను" అనేవాడు. చెవులకి బూట్లేమిటో. అలా ఉండేవి వాడి జోకులు. బర్టన్ మాత్రం ఒక్కనాడూ నోరుముయ్యి అనలేదు. పెళ్ళాం గట్టిగా తుమ్మితే చిరాకు పడే మనిషి, వీడి మాటలకి మాత్రం తల కొంచెం పక్కకి వంచి వింటూ ఉండేవాడు.

ఇంకో కప్పు కాఫీ పోసుకో. ఈ బన్నుల్లాంటి బిస్కెట్లు కూడా తీసుకో, మధ్యలో పందిమాంసం పెట్టినవి, మీ తాతకి ఇవంటే ప్రాణం. పడవలో నావీ తినేసి, ఆనక అవీ సముద్రానికే ఇచ్చేవాడు, అదీ నా బాధ.

ఒక జనవరిలో మీ తాతకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, ఛాతీలో రంపం పెట్టి కోస్తున్నట్టు. శనివారం పొద్దున్నే ఫోను. "ఎవరెట్, ఇవాళ వెళ్ళకండిరా. వాతావరణం బాలేదు." నేను కిటికీలోంచి చూశాను. ఆకాశం కడిగిన గాజులా ఉంది, గాలి లేదు, అలాంటి రోజు ఏడాదికొకటి వస్తే గొప్ప. "జ్వరం నీ నెత్తికెక్కినట్టుంది, పడుకో" అన్నాను. "పోనీ వచ్చేవారం పోదాం, నేనూ వస్తాను" అని బతిమాలాడు. తనని వదిలేసి మేమిద్దరం వెళ్తున్నామని కుళ్ళుకుంటున్నాడనుకున్నా. బర్టన్‌కీ చేశాడట ఫోను. వాడు "నేనేం చంటిపిల్లాణ్ణి కాదు" అని పెట్టేశాడట. ఆ మాటకర్థం నాకప్పుడేం తెలుస్తుంది?

సరే, ఇద్దరమే బయల్దేరాం. సూర్యుడు ఎదురుగా, నీళ్ళన్నీ తళతళా మెరుస్తున్నాయి. పడవలో చప్పుడే లేదు, ఇంజను మోత తప్ప. నాకెంత హాయిగా ఉందో. కొంచెం దూరం పోయాక బర్టన్ అంటాడు, "ఎవరెట్, ఏదన్నా మాట్లాడరాదూ." బర్టన్ కెల్లం నోట్లోంచి ఆ మాట. నేను తెల్లబోయాను. "ఏం మాట్లాడమంటావ్?" అన్నాను. "ఏదో ఒకటి. ఎదర ఏముందో చెప్పు." "నీళ్ళున్నాయిరా, ఇంకేముంటాయి" అని నేను వెనక్కి తిరిగి మలుగుల బకెట్లో చెయ్యి పెట్టాను.

అంతే. ధడేల్‌మని. వెళ్ళి ఆ వలల దుంగల్లో ఒకదానికి సూటిగా గుద్దేశాడు. నేను బోర్లా పడ్డాను, మలుగులన్నీ నా మీద. లేచి చూద్దును కదా, ముందువైపు పలక చీలిపోయింది, అల వచ్చినప్పుడల్లా నీళ్ళు లోపలికి కక్కుతోంది. జనవరి నీళ్ళమ్మాయ్ అవి. పడ్డవాడికి దేవుణ్ణి తలుచుకునే టైము కూడా ఇవ్వవు. బర్టన్ నుదురు పగిలి రక్తం కారుతోంది. వెళ్ళి తన రెయిన్‌కోటు విప్పి ఆ చీలికలో కుక్కి, వీపు దానికానించి నీళ్ళలోనే చతికిలబడ్డాడు. "స్టీరింగ్ పట్టు" అన్నాడు. "నాకేం తెలుసురా, నువ్వు నడుపు, నేను కూర్చుంటాను అక్కడ" అని అరిచాను. "నాకు కనపడదు, ఎవరెట్" అన్నాడు. మామూలుగానే అన్నాడు, ఉప్పు అందించు అన్నట్టు. "పక్కచూపెప్పుడో పోయింది. ఎదర మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు కాస్త. ఎండుంటే అదీ లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎట్లా నడిపావురా?" అన్నాను. "నేనెక్కడ నడిపాను. లెమ్యూల్ చెబుతుంటే తిప్పాను."

ఎట్లా తీసుకొచ్చానో నన్నడక్కు. నీళ్ళలో కూర్చునే చెప్పాడు వాడు, ఇంజను ఇంత పెంచు, అలకి కొంచెం ఏటవాలుగా పెట్టు, అని. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి వాడికి, సగం మాటలు మింగేస్తున్నాడు. నేను మాత్రం కనపడ్డ ప్రతిదాన్నీ అరిచి చెబుతున్నా. బోయా, పక్షి, తేలుతున్న చెక్క, ఏదైతే అది. రేవు కనపడేసరికి చెక్కల వంతెన చివర ఒక మనిషి. మీ తాత. రాత్రి వేసుకునే బట్టల మీద ఓవర్‌కోటు, కాళ్ళకి మాత్రం పాలిష్ చేసిన బూట్లు, చూడు. మేం వెళ్ళినప్పట్నుంచీ అక్కడే నిలబడ్డాడట. వెనకాల మీ అమ్మమ్మ వెర్నా దుప్పటి పట్టుకుని తిడుతోంది, "నీ దగ్గు పాడుగాను, నువ్వు పోతే ఆ కొట్టులో బూట్లన్నీ నేను తొడుక్కోనా" అని. బర్టన్ మొహమ్మీద రక్తం చూసి ఆవిడ ఆ దుప్పటి తెచ్చి వాడికి కప్పింది. మీ తాత నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. వాడు మాట్లాడకుండా ఉండటం నేను చూడ్డం అదే మొదలు.

నాకు ఎంత కోపమొచ్చిందనుకున్నావ్. ఇద్దర్నీ కలిపి తిట్టాను. "గుడ్డివాడొకడు, వాడికి వాగుడుకాయ కళ్ళు, మధ్యలో నేనొక వెర్రివెధవని. నాకు పెళ్ళాం పిల్లలు లేరుట్రా? నాకు చెబితే మీ సొమ్మేం పోయింది?" అని. మీ తాత దగ్గి దగ్గి, కాసేపటికి అన్నాడు: "నిజమే ఎవరెట్. నీకు చెప్పాల్సింది. అందులో ఇంకో మాట లేదు. నేను ఒట్టేశాను వీడికి." ఎట్లా తెలిసిందిరా నీకు అంటే, బూట్లు కొనుక్కోడానికి వచ్చాడట బర్టన్ ఒకరోజు. ప్యాంటు పైకి లాగి కాలు ఇచ్చాడు. మోకాలి కింద ఎముక పొడుగునా నల్లగా, పచ్చగా, పాతవీ కొత్తవీ దెబ్బలే. ఇంట్లో కుర్చీలకీ, బల్లలకీ తగిలించుకున్నవి. మీ తాత ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని తలెత్తి చూశాడట. బర్టన్ "ఎవరికీ చెప్పకు, పడవ తీసేసుకుంటారు" అన్నాడట. "పడవ పోతే వీడు కుర్చీలో కూర్చుని గోడ చూస్తూ చచ్చిపోతాడనిపించిందిరా" అన్నాడు మీ తాత. "వీడిమీద జాలి చూపించేవాణ్ణి వీడు దగ్గరికి రానివ్వడు. వాగుడుకాయనైతే ఎవరూ అనుమానపడరు కదా." అప్పటిదాకా మీ తాత మాతో ఒక్కసారీ రాలేదమ్మాయ్. ఆ కాలు చూసిన శనివారమే మొదటిసారి వచ్చాడు. సముద్రమంటే అంత అసహ్యపడేవాడు.

నెలరోజులు నేను ఆ ఇద్దరితో మాట్లాళ్ళేదు. ఉత్తరాలు వాళ్ళ గుమ్మంలో పడేసి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకరోజు మీ తాత కొట్టు బయట నిలబడి, "బర్టన్ పడవ అమ్మేస్తున్నాడు" అన్నాడు. "మంచి పని" అన్నాను. "నేను నేర్చుకుంటా నడపడం" అన్నాడు. నేను నవ్వాను, నిజం చెప్పొద్దూ, సంచి కింద పెట్టి మరీ నవ్వాను. "నువ్వా? రేవు దాటకముందే కక్కుకునేవాడివి" అంటే, "వెర్నా కూడా అదే అంది" అన్నాడు.

నేర్చుకున్నాడు. పడవ అమ్మకుండా పలక మార్పించి, వసంతమంతా పక్కన కూర్చుని బర్టనే నేర్పాడు. ఒక చిత్రం చెప్పనా, స్టీరింగ్ చేతిలోకి వచ్చిందగ్గర్నుంచీ వాడికి కడుపులో తిప్పడం ఆగిపోయింది. నడిపేవాడికి అంతగా తిప్పదట, ఎవరో డాక్టరు చెప్పాడులే తర్వాత. "ఇన్నాళ్ళూ నా బిస్కెట్లన్నీ దండగ చేశావు కదరా" అన్నాను. ఇంకో చిత్రం. నడుపుతున్నప్పుడు వాడు ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. నాలిక ఇట్లా పళ్ళమధ్య పెట్టుకుని, చదువుకునే పిల్లాడిలా. మాట్లాడేది బర్టన్. "ఇప్పుడు అల అడ్డంగా తగులుతోంది, ఇసకమేట మీదున్నాం, ఇంకొంచెం బయటికి తీయి. వినపడుతోందా? పక్షులు. ఆ పక్కకి." ఇన్ని మాటలు వాడిలో ఎక్కడున్నాయో అనుకునేవాణ్ణి. నేనా? ఎక్కానులే మళ్ళీ. ఎక్కక ఏం చేస్తాను, శనివారాలు ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ అటకలు సర్దమనేది.

ఒక డిసెంబరులో బర్టన్‌కి పడింది చూడు, ఒక పెద్ద చేప. అప్పటికి వాడికి ఎదర గొట్టం కూడా మూసుకుపోయింది. గాలం కర్ర విల్లులా వంగింది, దారం పాడుతోంది. వాడు కళ్ళు మూసుకున్నాడు, ఎందుకో మరి, తెరిచినా ఒకటే కదా. మీ తాత పడవని ఆ చేప ఎటు లాగితే అటు తిప్పుతూ, చెమటలు కారుస్తూ, ఆ చలిలో. పైకి తీసి బర్టన్ చేతుల్లో పెడితే, వాడు తలదగ్గర్నుంచి తోకదాకా చెయ్యి మెల్లగా జారించి, "చారలు వరసగా ఉన్నాయా, తెగాయా?" అన్నాడు. "ఒకటి తెగింది, మధ్యలో" అన్నాడు మీ తాత. "అయితే వదిలేద్దాం" అన్నాడు బర్టన్. ఎందుకని నేనడగలేదు. నీళ్ళలో పెట్టి, తోక పట్టుకుని కాసేపు ఊపి వదిలాడు. అంత చేప. నేను ఏడవటం ఒక్కటే తక్కువ.

అట్లా చాలా శీతాకాలాలు. తర్వాత మీ తాత... నీకు తెలుసుగా. ఆగస్టులో, కొట్టులోనే, ఎవరిదో పిల్లదాని కాలికి బడి బూటు తొడుగుతూ అట్లాగే పక్కకి ఒరిగాడు. ఆ పిల్ల "నిద్రపోయాడు" అందట వాళ్ళమ్మతో. చర్చిలో జనం పట్టలేదు, ఈ ఊళ్ళో వాడు తొడగని కాలు లేదుగా.

ఆ చలికాలం ఎవరమూ పడవ మాటెత్తలేదు. ఒక పొద్దున బర్టన్ కర్ర పుచ్చుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. చేత్తో గోడలు తడుముకుంటూ వీధంతా నడిచొచ్చాడు. "పక్షులొచ్చాయి, వినపడ్డాయి" అన్నాడు. సరే, వెళ్ళాం. నేను నడిపాను. వాడు పక్కన నిలబడ్డాడు. అఖాతం నోటి దగ్గర ఇంజను ఆపాను. చుట్టూ గానెట్లు, దబదబా పడుతున్నాయి, ఒక పక్కన కాదు, అన్ని పక్కలా. వాడు గాలం ఎత్తి పట్టుకుని, తల కొంచెం వంచి, "ఎటురా లెమ్యూల్?" అన్నాడు.

అలవాటులో అనేశాడు. అని వాడికి తెలిసిందో లేదో కూడా నాకు తెలీదు. మొహం అటే ఉంది. నేను... నేను "ఎడంపక్క" అన్నాను. "ఎడంపక్కన ఎక్కువున్నాయి. ఒక ముసలి పక్షి ఉంది, దూకనా వద్దా అని చూస్తోంది, అచ్చం మీ బావలా" అన్నాను.

...

ఆ పొయ్యిలో ఇంకో కట్టె వెయ్యమ్మాయ్. చల్లారిపోతోంది.