ఒకడుగు వెనక్కి

పరాయి దేశంలో అంటురోగం ప్రబలితే వెళ్లి సేవ చేసి వచ్చిన నర్సును ఆసుపత్రి వెనక గదిలో విడిగా ఉంచారు. కిటికీ అద్దం మీద ఎండ నీళ్లలా కదులుతోంది. బయట నిలబడ్డ చెల్లెలికి అక్క నీటి అడుగున కూర్చున్నట్టు కనిపించింది.

“ఒంట్లో వేడి లేదు కదక్కా?”

“లేదే. జ్వరం లేనివాళ్ల నుంచి ఈ రోగం అంటదని ఇక్కడివాళ్లకీ తెలుసు.”

“మరెందుకు బంధించడం? మీ పిరికితనానికి మా అక్క జైల్లో కూర్చోవాలా అని వీధివాళ్లందరినీ కడిగిపారేశాను.”

“నీ నోటికి జడిసి రోగమే పారిపోతుందిలే.”

“నవ్వకు. ఇంటికొచ్చెయ్.”

“రానా? ముందు ఈ కిటికీ తీస్తానుండు. గడియ ఇటువైపే ఉంది.”

రెక్క కిర్రుమంది. చెల్లెలు తనకు తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేసింది. వేశాక తల దించుకుంది.

“అక్కా, నేను కాదు... నా కాళ్లు...”

“పోనీలేవే. అక్కడ మేమూ ముందు ఒకడుగు వెనక్కే వేసేవాళ్లం. ఒళ్లంతా కప్పే ముసుగులో మా మొహం కనబడదుగా. మంచం మీది మనిషి మా గుండెల మీద రాసుకున్న పేరు చదువుకోవాలి. చదివాకే ముట్టుకునేవాళ్లం.”

“ఇప్పుడు నీ మీద పేరేం లేదుగా.”

“లేకపోయినా చదువు. తొందరేం లేదు.”

చెల్లెలు తలెత్తి చాలాసేపు చూసింది. అద్దం అడ్డు లేని అక్క మొహం నీళ్లలోంచి మెల్లగా పైకి తేలి వచ్చినట్టుంది.

“చదివావా?”

“చదివాను.”

“ఏముంది?”

“అక్క అని ఉంది,” అంటూ చెల్లెలు కిటికీలోకి చెయ్యి చాపింది.