స్టీరింగు దగ్గర మీ అమ్మమ్మ

ఏంటీ, ఇదంతా ఎవరు నేర్పారంటావా? కారు కింద పడుకుని అడిగే ప్రశ్నా ఇది! సరేగానీ, ముందు చెయ్యి పెట్టావా? చక్రం వెనకాల, రాడ్డు చివర, గుండ్రంగా బుడిపెలా తగుల్తుంది చూడు, మీద రబ్బరు తొడుగుంటుంది. ఆఁ, అదే. దాన్నీ, అది బిగించి ఉన్న పక్క ముక్కనీ కలిపి అరచేత్తో పట్టుకో. భయపడకు, ఇంజను ఆపేశా, హ్యాండు బ్రేకు వేసే ఉంది. నేనిక్కడ స్టీరింగు కాస్త ఎడమకి, కాస్త కుడికి కదుపుతుంటా. రెండూ కలిసి కదిలాయా, బాగున్నట్టు. ఒకటి కదిలాక రెండోది బద్ధకంగా కదిలి చేతికి టక్కుమని తగిలిందా, జాయింటు అరిగినట్టు, రేపు నీ ప్రయాణం లేనట్టు. అందుకే ఇది ఇద్దరి పని తల్లీ. పట్టుకోవడం మెకానిక్కు నేర్పాడు నాకు. తిప్పడం మాత్రం మీ అమ్మమ్మదే విద్య. అంత నిదానమైన చెయ్యి మళ్ళీ చూళ్ళేదు నేను. ఆవిడకి కారు తోలడం రాదు, నేర్పుతానంటే 'మీరున్నారుగా, నాకెందుకూ' అనేది. ఈ సీట్లో కూర్చుంటే మాత్రం మహారాణే. జుట్టు ముడేసుకుని, ఈ అద్దంలో ఒకసారి మొహం చూసుకుని, 'ఊఁ, ఇప్పుడు చెప్పండి' అనేది.

టాక్సీ తోలే రోజుల్లో నేను ఇంట్లో ఎక్కడ దొరికేవాణ్ణి? ఆవిడ ఏదైనా మాట ఎత్తబోయిందా, 'బేరం తగిలింది' అని చెప్పులేసుకునేవాణ్ణి. ఆవిడ అది కనిపెట్టేసింది. ఆదివారం పొద్దున్నే నేను కింద వెల్లకిలా పడి, చేతులు గ్రీజులో ఉన్నప్పుడు మొదలెట్టేది. 'ఏమండీ, వంటింటి కప్పు కారుతోంది.' 'ఏమండీ, మీ అన్నయ్యకి ఒంట్లో బాలేదట, వెళ్ళి చూసి రాకూడదూ?' ఎక్కడికి పారిపోతాను? ఊఁ కొట్టాల్సిందే. మా ఇంటి తీర్మానాలన్నీ ఈ కారు కిందే జరిగాయంటే నమ్ము. ఎడమకి తిప్పుతున్నా, తెలుస్తోందా? సరే. ఎక్కడున్నాం? ఆఁ, అప్పుడు మీ అమ్మకి వేరే ఊళ్ళో నర్సు చదువుకి సీటొచ్చింది. నేను ససేమిరా అన్నా. ఒక్కగానొక్క పిల్ల, తెలీని ఊళ్ళో, హాస్టల్లో, నా ప్రాణం ఒప్పుకోలేదు. మీ అమ్మ మూతి ముడుచుకుని గదిలో కూర్చుంది. ఆ ఆదివారం కింద దూరి 'తిప్పవే' అన్నా. చెయ్యి పెట్టుకుని చూస్తున్నా, చడీచప్పుడూ లేదు. 'భేష్, లూజే లేదు' అన్నా. పైనుంచి ఆవిడ, 'నేనసలు తిప్పితేగా! కదపకపోతే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఇంట్లోనూ అదేగా మీరు చేసేది, పిల్ల నోరు మూసుకుంటే అంతా బాగుందనుకుంటున్నారు' అంది. 'తిప్పవే బాబూ, వీపు మండిపోతోంది' అన్నా. 'పంపిస్తానని చెప్పండి, తిప్పుతా.' 'పిల్లకి ఏమన్నా అయితేనో?' 'బండికి ఏమన్నా అవుతుందనే కదా అక్కడ పడుకున్నారు. బాగు చేసి తోలతారా, షెడ్డులో పెట్టి తాళం వేస్తారా?' కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. 'సరేలేవే, పంపిస్తా' అన్నా. అప్పుడు తిప్పింది మహాతల్లి. టక్కుమంది! నేను భేష్ అన్న జాయింటే, అరిగి కూర్చుంది. మర్నాడు కొత్తది వేయించి, ఈ కారులోనే మీ అమ్మని తీసుకెళ్ళి దింపాం. దారి పొడుగునా మీ అమ్మమ్మ వెనక సీట్లో హాయిగా నిద్రపోయింది. నా స్టీరింగంటే ఆవిడకంత నమ్మకం.

ఆవిడ పోయాక పక్కింటాయన వచ్చి తిప్పుతాననేవాడు. తిప్పేవాడు కూడా, పాపం. కానీ పైనుంచి ఒక్క మాటుండేది కాదు. కప్పు సంగతి లేదు, అన్నయ్య సంగతి లేదు. కింద పడుకుని ఏడ్చేవాణ్ణి, కంట్లో మట్టి పడిందని చెప్పేవాణ్ణి. సరే, అదలా ఉంచు. ఇప్పుడు మీ అమ్మ అచ్చం అప్పటి నాలాగే మాట్లాడుతోంది. 'ఉద్యోగం అని ఈ డొక్కు కారేసుకుని అంత దూరం ఒక్కతీ వెళ్తుందా? వెళ్తే నాతో మాట్లాడొద్దని చెప్పు నాన్నా.' నువ్వేం తక్కువ తిన్నావా, నిజంగానే మానేశావు. వారం నుంచీ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఉప్పు అందించమని ఒకరికొకరు నాతో కబురు పంపుకుంటున్నారు. భయంతో అంటోందే పిచ్చిపిల్లా, నీమీద కోపంతో కాదు. నాకు తెలుసు ఆ భయం. అబ్బా, ఉండు, భుజం పట్టేసింది. లేవకు లేవకు! చెయ్యి తీశావో మళ్ళీ మొదటికొస్తుంది. అలాగే ఉండు. అమ్మాయ్! ఓ అమ్మాయ్! ఒకసారి ఇలా రా. పొయ్యి కట్టేసే రా, కంగారేం లేదు. ఇదిగో, ఇలా కూర్చో. స్టీరింగు కాస్త ఎడమకి, కాస్త కుడికి, అంతే, నిదానంగా. కింద ఎవరా? నీ కూతురే. ఎక్కడికీ పోదు, దాని చెయ్యి జాయింటు మీద ఉంది. ఓసి, అద్దంలో మొహం చూసుకుంటున్నావా! అచ్చం మీ అమ్మేనే నువ్వు. సరే, మీరు కానివ్వండి. నేను వెళ్ళి టీ పెడతా.