రెండో పూత

అది కాదండీ డాక్టరమ్మ గారూ, మీరే చెప్పండి, మిట్టమధ్యాహ్నం లైటు వేస్తే గానీ పోపుగిన్నెలో ఆవాలు కనబడని వంటిల్లు ఎక్కడైనా ఉంటుందా?

మిమ్మల్ని అనడం లేదు. ఇల్లు మీదే గానీ కట్టింది మీరు కాదుగా. కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇందులో కూర్చోండి. టీ పెడతాను. చక్కెర వేయనా? సరే, సగం చెంచా.

ఆగ్నేయంలో వంటిల్లు ఉందని మీవారు ముచ్చటపడి కొన్నారట కదా ఈ ఇల్లు! మా భార్గవ్ కూడా అదే చూసి అద్దెకు తీసుకున్నాడు. ఈ ఆస్ట్రేలియాలో సూర్యుడు ఉత్తరం పక్కన నడుస్తాడని మీవారికీ తోచలేదు, మావాడికీ తోచలేదు. తూర్పున గ్యారేజీ అడ్డం, కిటికీ చూస్తే దక్షిణానికి. వెర్రిబీ ఊరంతా ఎండ కాస్తుంటే ఇక్కడ మాత్రం ఎప్పుడూ సాయంత్రమే. పైగా ఆ తలుపుల రంగొకటి! కాఫీ డికాక్షన్‌లో నానబెట్టి తీసినట్టు ఉండేవి.

అందుకని నేనే మొదలుపెట్టాను. ముందు లైటు గిన్నె విప్పించి కడిగాను. చచ్చిన పురుగులు ఎన్ని ఉన్నాయో, గుప్పెడు! పొయ్యి వెనకాల వెండి కాగితం అంటించాను. కిటికీకి ఎదురుగా పింకీ పాత అద్దం నిలబెట్టాను. కాస్త వెలుగు వచ్చి అందులో పడి ఇటు తిరుగుతుంది చూడండి. పింకీ అంటే మనవరాలు. "నానమ్మా, యూ ఆర్ సో స్మార్ట్" అంది. మా కోడలు చైత్ర కూడా, "అత్తయ్యా, ఉల్లిపాయ తరుగుతుంటే ఇవాళ నా వేళ్ళు నాకు కనబడ్డాయి" అని నవ్వింది.

తెల్లరంగు డబ్బా అయితే వీధిలో దొరికింది. పాత సామాన్లు ఇంటి ముందు గడ్డి మీద పెడతారుగా ఇక్కడ, మునిసిపాలిటీవాళ్ళు పట్టుకెళ్ళే వారంలో. సగం డబ్బా నిండుగా ఉంది. మూత తీస్తే మీగడలా ఉంది. ఎవరు వదులుకుంటారండీ?

అడగకుండా వేయలేదు. భార్గవ్ మీకు మెసేజ్ పెట్టాడు. మీరు వేసుకోమన్నారు. ఇంకో మాట కూడా అన్నారు.

ఊఁ. అవును. చెప్పాడు. నాకు చెప్పలేదని అనను.

"సామాన్ల అలమరా తలుపు, లోపలి పక్క మాత్రం ముట్టుకోవద్దన్నారమ్మా. వాళ్ళమ్మగారు ఈ ఇంట్లో ఉన్నప్పటి రాత ఉందట. అమ్మగారి సంవత్సరీకానికి ఫోటో తీసుకోవడానికి వస్తారట" అన్నాడు. నేను ఈ గట్టు దగ్గరే నిలబడి విన్నాను.

ఆగండి, ఇప్పుడే తెరవకండి. టీ తాగండి ముందు.

తెరిచారా.

తెల్లగా ఉంది కదూ.

కుంచె పట్టుకుంటే ధ్యాస ఉండదండీ, ఒకదాని తర్వాత ఒకటి అలా పోతూనే ఉంటాం, లోపలా బయటా తెలియదు... పోనీ, నాకు చదువు రాదు కదా, అది రాతో మరకో తెలియక...

మావాడితో ఈ మాటే చెప్పాను. నమ్మాడు. "పాపం, అమ్మకేం తెలుసు" అన్నాడు. వాడు అలా అంటే నాకు ఎలా ఉందో తెలుసా? చెంప మీద కొట్టినా అంత బాధ ఉండదు.

నాకు చదువు వచ్చు, డాక్టరమ్మ గారూ.

పింకీని శనివారం తెలుగు బడికి నేనే తీసుకెళ్తాను. ఆ రెండు గంటలూ బయట చలిలో ఏం కూర్చుంటారని ఆ టీచరు, బిందుమాధవి అని, చక్కటి పిల్ల, నన్ను లోపలికి పిలిచి వెనక బల్ల మీద కూర్చోబెట్టింది. చేతికి ఒక పలక ఇచ్చింది. అరవై నాలుగేళ్ళకు అ ఆలు! ముందు వరస పిల్లలు వెనక్కి తిరిగి నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి గుణింతాలూ, ఒత్తులూ అన్నీ వచ్చేశాయి. పింకీ కంటే ముందే.

అయినా వాచకం బయట తెలుగు ఎక్కడుందండీ ఈ ఊళ్ళో? బస్సు మీద లేదు, కొట్టు మీద లేదు. ఒకరోజు కందిపప్పు కోసం ఈ తలుపు తెరిచి టార్చి వేస్తే, చెక్క మీద బొద్దు పెన్సిలుతో రాసి ఉంది. 'ముక్కలు ఆరు గిన్నెలు'. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. టీచరు పక్కన లేకుండా, ఎవరూ చెప్పకుండా నేను చదివిన మొదటి రాత అదే. ఆ పూట పప్పు మాడిపోయింది, నాకు తెలియనే లేదు.

మీ అమ్మగారి ఆవకాయ కొలతలు.

మీకు తెలియదు, మా ఇంట్లో నా చేతి ఆవకాయ అంటే నవ్వులాట. మా అత్తగారు జాడీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడ పోయాక నేను పెట్టిన ప్రతి ఏడూ బూజు పట్టింది. మా ఆయన పక్కింటి నుంచి తెప్పించుకుని నా ఎదురుగా కూర్చుని తినేవారు. భార్గవ్ చిన్నప్పుడు ఇంటికి వచ్చినవాళ్ళకి ముందే చెప్పేవాడు, "మా అమ్మ ఆవకాయ వేసుకోకండీ" అని.

మీ అమ్మగారు ఇక్కడి కాయల సంగతి కూడా రాశారు. 'ఈ ఊరి కాయకి నీరెక్కువ. కోసిన ముక్కలు గుడ్డ మీద ఒక పూట ఆరబెట్టాలి.' అంతే. నలభై ఏళ్ళు నాకు ఎవరూ చెప్పని ముక్క! ఇక్కడ మామిడికాయలు వచ్చేది డిసెంబరులో కదా, తెప్పించి పెట్టాను. బూజు లేదు. భార్గవ్ మూడోసారి అన్నం కలుపుకున్నాడు. "ఇది నిజంగా నువ్వే పెట్టావా అమ్మా?" అన్నాడు.

నేనే పెట్టాను అన్నాను. పెట్టింది నేనేగా?

ఆ తర్వాత ఉగాది భోజనాలకి జాడీ పట్టుకెళ్ళాను. అక్కడికి మీరు వచ్చారు. ఇంటివారు మీరేనని నాకేం తెలుసు? అద్దె వ్యవహారమంతా అప్పటిదాకా ఏజెంటుతోనే కదా. మీరు ఒక ముద్ద తిని ఆగిపోయారు. కళ్ళ నిండా నీళ్ళు. "అచ్చం మా అమ్మ ఆవకాయలా ఉందండీ, ఎవరు నేర్పారు?" అని నా చెయ్యి పట్టుకున్నారు.

నేనేమన్నాను?

మా అత్తగారు అన్నాను.

జాడీ ముట్టుకోనివ్వని మా అత్తగారు!

కారులో వస్తుంటే భార్గవ్ చెప్పాడు, ఆవిడే మన ఇంటి ఓనరని. ఇక మీరు ఫోటోకి వస్తున్నారని వినేసరికి... తలుపు తెరుస్తారు, ఆ రాత చూస్తారు, నా జాడీ గుర్తొస్తుంది. అందరికీ చెబుతారు. భార్గవ్ మళ్ళీ నవ్వుతాడు. నాకు అదొక్కటే కనబడింది. మీ అమ్మగారు కనబడలేదు, మీరూ కనబడలేదు.

ఒక పూత వేశాను. అక్షరాలు లోపలి నుంచి బూడిదరంగులో తేలి కనబడుతూనే ఉన్నాయి. అప్పుడైనా ఆగవచ్చు. తడిగుడ్డ పెట్టి తుడిస్తే అప్పటికింకా ఆ రంగు పోయేది. ఆరేదాకా ఇదిగో, ఈ స్టూలు మీద కూర్చుని, బాగా ఆరిందని వేలితో చూసుకుని మరీ రెండో పూత వేశాను. పొరపాటున వేసేవాళ్ళు ఆరేదాకా కూర్చోరు కదండీ.

నిన్న చాకుతో గీకి చూశాను. ఆ మూల చూడండి. రంగుతో పాటు పెన్సిలూ ఊడి వచ్చింది.

తిట్టండి. పడతాను.

ఇదిగో, పింకీ నోటుపుస్తకంలో కాగితం. నాకు మొత్తం కంఠతా వచ్చు, రాశాను. వంకర అక్షరాలే, రెండుచోట్ల కొట్టేశాను. మీ అమ్మగారి రాత అయితే కాదు. ఇది తీసుకెళ్ళి మీరేం చేసుకుంటారో కూడా నాకు తెలియదు.

అన్నిటికంటే కింద ఒక వరస ఉండేది, బియ్యం డబ్బా వెనకాల. మీరెప్పుడైనా వంగి చూశారో లేదో. అదీ రాశాను. కళ్ళజోడు తెచ్చుకోలేదా? నేను చదవనా?

'కుమారీ, నేను లేనప్పుడు నువ్వు పెట్టుకుంటే కారం సగమే వెయ్యి. నీ కడుపు తట్టుకోదు.'

అది మాకు పనికొచ్చేది కాదని వదిలేసి, నేను నిండుగానే వేశానండీ కారం. ఉగాది నాడు మీ కళ్ళలో నీళ్ళు చూసి, అదంతా కారానికేలే అని ఇంటిదాకా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.