వెనకగదిలో బొమ్మ

"ఏదో చిన్న పనేలే," అని మొదలుపెట్టాడు టీవీ మెకానిక్. భార్య పోయాక అతను టీకొట్టుకి రావడం అదే మొదలు. పక్కన బావమరిది, ఎదురుగా మంగలి కూర్చున్నారు.

"మా ఆవిడ మంచం దిగలేకపోయె, టీవీ ఏమో ముందుగదిలో ఉండె. అలమరా నిండా సినిమా డిస్కులు. పాత కంప్యూటర్లో డిస్కు పెట్టి, వైఫై తగిలించి, ఆవిడ చేతికి టాబ్లెట్ ఇచ్చా. డిస్కు ముందుగదిలో తిరిగితే బొమ్మ వెనకగదిలో పడుతుంది. అంతే!"

"బాగుందే," అన్నాడు మంగలి.

"అప్పుడే బాగుందంటే ఎలా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంటింట్లో, పెరట్లో, నీళ్ల ట్యాంకు మీద, ఎక్కడికి పట్టుకెళ్లినా బొమ్మ ఆగదే! పక్కింటావిడ ఇస్త్రీపెట్టె పెడితే అందులోంచి డైలాగులు! వీధి చివర ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల మీద హీరో గుర్రమెక్కి పోతున్నాడట! డాక్టరు పరుగెత్తుకొచ్చి, 'అయ్యా, తమరు ఇంటర్వెల్ ఇస్తే ఆపరేషన్ చేసుకుంటాం' అని దండం పెట్టాడు."

"మరి శవాల గదిలోనో?" టీకొట్టాయన ఎగదోశాడు.

"అక్కడొకాయన లేచి కూర్చుని, క్లైమాక్స్ చూస్తేగానీ పడుకోనన్నాడు! అంతెందుకు, యముడే మా గుమ్మంలో నిలబడిపోయాడయ్యా, సినిమా అయ్యేదాకా! నేను డిస్కు మీద డిస్కు మారుస్తూనే ఉన్నా. ఆఖరిరోజు కూడా లోపల్నుంచి పకపకా నవ్వు..."

"ఇక చాలు బావా," అన్నాడు బావమరిది. "ఆ గదిలోకి సిగ్నలే రాలేదు."

"రాకపోవడమేంట్రా? 'ఎలా వస్తోందే?' అని కేకేస్తే 'బ్రహ్మాండంగా వస్తోంది' అనేది కదా!"

"అనేది. పక్కన కూర్చుంది నేనే కదా. తెరమీద సున్నా ఒక్కటే తిరుగుతుండేది. నీతో చెబుతానని లేస్తే అక్క చెయ్యి పట్టుకునేది. 'చెప్పకురా. ఆ పని లేకపోతే ఆయన ఇక్కడికొచ్చి నన్ను చూస్తూ కూర్చుంటారు. తట్టుకోలేరు' అనేది."

టీకొట్టాయన స్టవ్ తగ్గించాడు.

"మరి ఆ నవ్వు?" అన్నాడు మెకానిక్.

"నీకు వినపడాలని, బావా. దగ్గు మాత్రం తలగడలో మొహం దాచుకుని దగ్గేది."